తలకిందుల చీటీ

జీతం పడ్డ గురువారం
కంపెనీ బస్సు గుదైబియా మూల మీద దించంగనే
ఉరుకుడే ఉరుకుడు.
ఎనిమిది కొట్టకముందు అడిగితే ఒక గ్లాసు ధరకు రెండు.
ఎనిమిది దాటినంక
అదే గ్లాసు, అదే నురుగు,
నా సగం రోజు కూలి.

హోటల్ వెనుక మెట్లు దిగితే పబ్బు.
మనామాల ఆగస్టు నెల
ఆ ఆఖరి మెట్టు కాడ్నే ఆగిపోతది.
పోశెట్టి ఏసీ సప్పుడు విని
"కంప్రెషర్ పోయేటట్టున్నది" అంటడు వచ్చినప్పుడల్లా.
తాగేటప్పుడు గూడ వాని చెవి డ్యూటీలనే ఉంటది.

కౌంటర్ కాడ కూసునేటోళ్లు వేరే.
ముసలి కీత్ కుర్చీ మీద పేరు రాసి లేదు గని
ఎవ్వరు కూసోరు.
మాది టాయిలెట్ పక్క టేబులు,
ఒక కాలు పొట్టి.
మడిచిన అట్టముక్క పెడితె కుదురుగ నిలవడ్తది.
ఆ అట్టముక్క నెలంతా
ముత్తెన్న జేబుల ఉంటది.

మెనూల బొమ్మ చూసి ఏలు పెట్టినం.
ఇంత పెద్ద ప్లేటుల వచ్చింది చేప,
పిండి దుప్పటి నిండ కప్పుకొని.
పక్కన ఆలుగడ్డ కట్టెలు, నిమ్మచెక్క,
పసిపిల్లకు మెదిపినట్టు బఠాణీల ముద్ద.
ఉప్పు లేదు. కారం మాట ఎత్తద్దు.
ముల్లు సుత లేదు.
ముల్లు లేని చేపను
నమ్ముడెట్లా?

మారిటెస్ నవ్వుకుంట వచ్చి అడిగింది,
అంతా బాగుందా అని.
మాకొచ్చిన ఇంగ్లీషుల
బాగలేదు అనే మాట లేదు.
"గుడ్, గుడ్" అన్నం ముగ్గురం,
ఫోర్‌మెన్‌కు చెప్పినట్టే.

బిల్లు తోటి ఒక చీటీ పెట్టింది,
మీ అభిప్రాయం రాయుండ్రి అని.
తొమ్మిదేండ్ల సంది ఈ దేశంల
సంతకం అడిగినోళ్లున్నరు,
వేలిముద్ర అడిగినోళ్లున్నరు.
పెన్ను పట్టుకొని శానాసేపు కూసున్న.
ఆఖరికి తెలుగులనే రాసిన:

"చేప సప్పగున్నది.
గ్లాసుల నురుగెక్కువ, బీరు తక్కువ.
టేబులు కాలు బాగు చేయుండ్రి,
మీతోని కాకుంటే మేం చేస్తం.
ఏసీ సంగతి పోశెట్టిని అడుగుండ్రి.
రెండు గంటలు కూసున్నం, ఎవ్వరు లెవ్వుమనలేదు.
మళ్ల వస్తం."

తర్వాతి నెల పోతే
తలుపు పక్కన గోడకు,
దొరల మెచ్చుకోళ్ల నడుమ
నా చీటీ.
తలకిందులుగ.
మేనేజర్ సాల్డానా ఆ గుండ్రటి అక్షరాలు చూసి
ఏం పొగడ్త అనుకున్నడో ఏమో,
నాలుగు మూలలకు నాలుగు పిన్నులు గుచ్చిండు.
ముత్తెన్న నవ్వి నవ్వి
బీరు ముక్కులకెక్కింది.

ఆ రోజు చేప పక్కన
అడగని గిన్నె ఒకటి వచ్చింది:
దంచిన పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డ, దొడ్డుప్పు.
మారిటెస్ గదువతోని వంటింటి దిక్కు చూపెట్టింది.
తలుపుకున్న గుండ్రటి అద్దంల
ఒక తెల్ల టోపి, చెమట పట్టిన మొకం.
సందుల నుంచే అడిగిండు:
"ఏటి బావూ, ఇప్పుడూ సప్పగుందేటి?"

జోగారావు. సోంపేట అవతల సముద్రం ఒడ్డున పుట్టినోడు.
వల గుంజిన చేతులతోని
ఇక్కడ పెట్టె చింపి
గడ్డకట్టిన చేపకు దుప్పటి కప్పుతడు.
"గోడ మీదది సదివినవా?"
"సదివినాను."
"మరి సీదా చెయ్యకపోతివి?"
"తిన్నగా ఎడితే
ఎవులో ఒకలు సదివేత్తారు, బావూ."

మొన్న గురువారం కీత్
డార్ట్ బాణాలు పక్కన పెట్టి
చీటీ ముందట నిలవడి
మెడ ఇటు వంచిండు, అటు వంచిండు.
మా దిక్కు చూసి
"గుడ్, గుడ్" అన్నడు.

అట్టముక్క తడిసి పాడైంది.
ముత్తెన్న కొత్తది తెచ్చిండు,
టైల్స్ డబ్బాది,
కొంచెం మందం.