గైర్హాజరు

ఆ ఫారంలో నాలుగు గళ్లు.
వెళ్లిన తేదీ. తిరిగొచ్చిన తేదీ.
దేశంలో లేని రోజులెన్ని.
ఎందుకని.
ఎందుకనికి ఇచ్చిన గడి మరీ చిన్నది.
వంశధార ఒడ్డున అరవై సెంట్లు
అందులో ఎలా పడతాయి?

పర్లాకిమిడి కోర్టు వరండాలో
బల్ల మీద కూర్చుని వేళ్లు మడుస్తున్నాను.
పన్నెండు నెలల్లో నూట ఎనభై దాటకూడదు.
దాటితే, అక్కడ కూడబెట్టిన నాలుగేళ్లూ
మొదటి రాత్రి డ్యూటీ దగ్గరికి వెనక్కి పోతాయి,
రోగి పేరు పలకడం రాక
నేను మంచం నంబరు పిలిచిన రాత్రికి.
ఇవాళ్టికి నూట అరవై మూడు.

ఇరవై రోజుల కోసం వచ్చాను.
వకీలు పాణిగ్రాహి గారు పాను దవడకి నెట్టి
"మీరు లేకపోతే కేసు పోతుందమ్మా" అన్నారు.
హల్ నుంచి అక్కడి లాయరు ఫోనులో
"మీరిక్కడ లేకపోతే కేసు పోతుంది" అంది.
ఇద్దరిదీ ఒకటే మాట.
ఇద్దరికీ ఫీజు కట్టాను.

బంట్రోతు కేకేస్తాడు: బొనొజాఖీ!
నేనే, వనజాక్షిని.
ఒడియా నోట్లో గుండ్రంగా దొర్లి
బయటికొచ్చేసరికి అలా అవుతాను.
హల్ ఆసుపత్రిలో నన్ను వాన అంటారు,
అంతకు మించి పలకలేక.
ఆ ఊరి ముసురుకి ఆ పేరే సరిపోయింది,
నేనూ దిద్దలేదు.
ఏ పేరు మీద ఏ రోజులు జమ పడుతున్నాయో
అడగడానికి కిటికీ లేదు.

పొద్దున్న పెసరట్టు తినాలనిపించి
పాతపట్నం పోయి వచ్చాను.
మధ్యలో రాష్ట్రం మారింది,
కొట్ల బోర్డుల మీద లిపి మారింది,
షేర్ ఆటో మాత్రం మారలేదు.
ఎవరూ ముద్ర వెయ్యలేదు.
మా నాయన బతుకంతా ఇలాగే పోయి వచ్చేవాడు,
కొమ్ముతో చెక్కిన కొంగలు
తుండుగుడ్డలో చుట్టుకుని.
ఆయన లేని రోజులు ఎవరూ కూడలేదు,
పాలవాడి ఖాతా పక్కనే
బొగ్గుముక్కతో గీతలు గీసుకున్న అమ్మ తప్ప.

ఎదురు బల్ల మీద ప్రతివాది,
మా చిన్నాన్న కొడుకు ఢిల్లేశ్వర్రావు.
అయిదు నెలలుగా మాటల్లేవు మాకు.
చూసి చూసి ఇవాళ తనే అడిగాడు:
"ఏటప్పా, వేళ్లు లెక్కెడతన్నావు?"
చెప్పాను. నోరు తెరుచుకుని విన్నాడు.
"అయితే అక్కడ లేకపోడం తప్పు,
ఇక్కడ లేకపోడం తప్పు.
మరెక్కడ లేకుండా ఉండాల నువ్వు?"

వాయిదా వేశారు, ఇరవై నాలుగు రోజులకి.
నూట అరవై మూడు, ఇరవై నాలుగు:
నూట ఎనభై ఏడు.
మూడుసార్లు కూడాను. ఏడు తగ్గలేదు.

అప్పుడు ఢిల్లేశు లేచి
వాళ్ల వకీలు చెవిలో ఏదో ఊదాడు.
ప్రతివాదికి నడుం నొప్పట.
దసరా సెలవులు దాటాక పెట్టాలట.
నడుం పట్టుకోవడం మరిచిపోయి
నిటారుగా నిలబడి చెప్పించాడు.
జడ్జిగారు రాసుకున్నారు.

జాలో, తెలివో తెలీదు.
దసరా దాకా భూమి అతని చేతిలోనే,
ఇంకో పంట అతనిదే.
ఆ మాట నేను అడగలేదు,
తనూ ఎత్తలేదు.

మర్నాడు స్టేషనుకి బండి మీద దింపాడు.
పెట్టె ముందర పెట్టుకుని
హ్యాండిలు తిప్పడానికి నానా తంటా పడ్డాడు.
నా దగ్గర పదహారు రోజులు మిగిలాయి,
చీర మడతలో నోట్లలా దాచుకోవాలి,
దసరాకి విప్పుకోవాలి.

బయల్దేరిన రోజూ దిగిన రోజూ
గైర్హాజరు కింద రావట.
సగం అక్కడ, సగం ఇక్కడ గడిచినా
దొడ్డమనసుతో వదిలేస్తారట.
అందులో ఒకటి ఇదే,
నౌపడా వైపు బండి కోసం చూస్తున్న ఈ పూట.

"దార్లో తిను" అని ఢిల్లేశు
న్యూసుపేపరు పొట్లం చేతిలో పెట్టాడు.
నువ్వులుండలు.
"ఈ యేడు బాగా పండేయప్పా" అన్నాడు,
అని నాలిక కరుచుకున్నాడు.

బండి కదిలాక ఒకటి కొరికాను.
మా నువ్వులే.