గంప కడిగే కాడ

దేసాన్ని ఎక్కడ్నించి కొలుస్తారో తెలుసా మీకు?
నాకు మొన్ననే తెలిసినాది.
జాలారిపేట రేవులో
నీళ్ళు బాగా ఎనక్కి ఎల్లినప్పుడు
నాను కానాగంతల గంప కడుక్కునే కాడ నుంచి.

తెల్లబట్టల కుర్రోడు, ఆఫీసులో,
కాయితం మీద గీసి మరీ సూపించేడు.
నీరు ఎనక్కి ఎల్లి ఆగిన అంచు సున్నా.
అక్కడ్నించి పన్నెండు మైళ్ళు ఒక లెక్క,
ఇరవై నాలుగు దాకా సుంకం వోళ్ళ కన్ను,
రెండు వందల దాకా
సేప పట్టినా, నూనె తవ్వినా మనదే.
ఆ మీద ఎవలిదీ కాదట.
"ఎవలిదీ కాపోతే గంగమ్మ తల్లిదేనా బాబూ?"
నవ్వేడు గాని
రాసుకోలేదు.

మా తాత లెక్క ఇంకోటి.
యారాడ కొండ మోకాళ్ళ దాకా ములిగితే రాతి పారు,
నడుం దాకా ములిగితే వంజరాలు,
లైటుహవుసు ఒక్కటే
రెప్ప కింద నలకలాగ మిగిలితే
తిప్పరా బోటు, ఇంటికి.
కొండ మొత్తం ములిగిపోయిన నీళ్ళకి
తాత కాడ పేరు లేదు.
మావోడు కొర్లయ్య ఆ పేరు లేని నీళ్ళకే ఎల్తాడు.
దగ్గర్లో సేపలు లేవు మరి.

ఇరవై రెండో మైలు కాడ తెల్ల ఓడ లైటు కొట్టినాదట.
ఇంజను ఆపమన్నారట.
ఇద్దరు ఎక్కేరు, ఒకడికి తెలుగు రాదు.
లైసెన్సు, రిజిస్ట్రేసను, ఏలిముద్రల కార్డులు,
ఏడుగురికి ఆరు జాకెట్లు,
ఐసుపెట్టె మూత తీసి సూసేరు,
అమ్మోరి పటం ఎనక కూడా సూసేరు.
గంట ఏట పోనాదని
వైర్లెస్సులో పక్క బోటు అప్పయ్యకి సెప్పి
కొర్లయ్య తిట్టిన తిట్లు
ఇక్కడ పలికితే బాగోదు.
(ఆ సాయంత్రం హార్బరు నోట్లో
పాటలెట్టుకున్న సికారు బోటునీ ఆపేరట.
దాని కాయితాలు మాత్రం
ప్లాస్టిక్ కవరులో పొడిగా ఉన్నాయట.)

మూడోనాడు ఇంజను సచ్చిపోనాది.
నీటి వాలు ఉత్తరానికి.
పదకొండు రోజులు.
అవతల దేసం వోళ్ళు గీత దాటేరని పట్టుకున్నారు.

కబురు ఇని పేటంతా గొల్లుమన్నాది.
నాను మాత్రం గుమ్మంలో సతికిలబడి
ఊపిరి వొదిలేను.
పట్టుకున్నారంటే ఉన్నాడు.
ఆ గీతే లేపోతే ఎవలు పట్టుకుందురు?
ఒట్టి నీళ్ళే అయితే
ఒట్టి నీళ్ళకి ఎవలు కాపలా?

ఆఫీసులో పుస్తకం తీసి సదివేడు కుర్రోడు.
పదిహేడు ముప్పై ఎనిమిది,
ఎనభై మూడు నలభై ఒకటి,
రాత్రి ఒంటిగంటా పది,
సరంగు గనగళ్ల కొర్లయ్య, మొత్తం ఏడుగురు,
జాకెట్టు ఒకటి తక్కువ.
మనోళ్ళు మన నీళ్ళలోనే ఉన్నారని, వాలుకి కొట్టుకుపోయేరని
సెప్పడానికి
ఈ ముక్కే సాచ్చెం అన్నాడు.
తిట్టుకున్న ఆ గంటే!
మా పెళ్ళినాడు కూడా మావోడి గురించి
ఎవలూ ఇంత సరిగ్గా రాయలేదు.
నాకు సదువు రాదు,
ఆ అంకెలు మాత్రం
గంప తలకెత్తుకున్నప్పుడల్లా నోటికొస్తాయి.

అర్జీ కింద ఏలిముద్ర ఏయించుకుంటా
"పేరు?" అన్నాడు.
దేసమ్మ.
తలెత్తి సూసేడు.
మా ఈది అమ్మోరి పేరే బాబూ,
నాను పెట్టుకున్నది కాదు.

ఇయ్యాల అమాస.
నీళ్ళు ఎన్నడూ లేనంత ఎనక్కి ఎల్లేయి.
కెరటం కోసిన ఒడ్డుకి పోసిన కొత్త ఇసక
కాలి కింద ఇంకా గుల్లగానే ఉంది.
గంపతో పది అడుగులు ముందుకి ఎల్లి
అక్కడ కడిగేను.

ఇక్కడ సున్నా జరిగితే
అక్కడ రెండు వందలూ జరగాల గదా,
పది అడుగులైనా,
మావోడి పక్కకి.

కుర్రోడా,
ఇది రాసుకో.