తువ్వాలు కింద వేళ్లు

సఖినేటిపల్లి రేవులో పంటు తాడు విప్పేసరికి
ఏసుపాదం ఎవరి మనిషీ కాడు.
ఉగాదితో మా జట్టు కాగితం చెల్లిపోయింది.
మోకాలికి నీలం పట్టీ, భుజాన సంచీ,
సంచిలో గాలి తీసిన వాలీబాల్.
అవతల నరసాపురం రేవులో
సంతకం కోసం ఇంకో కాగితం కాచుకుని ఉందని వినికిడి.

నేను టికెట్లు చింపేవాణ్ణి.
మనిషికింత, మోటారు సైకిలుకింత, మేకకింత,
అన్నీ రేకు మీద రాసే ఉన్నాయి.
ఆటగాడికెంతో రాయలేదు.

ఆ పూట పంటు నిండా ధరలే.
ఒలుపు కూలి పెద్దిరాజు అన్నాడు:
"వెయ్యి కాయ ఒలిస్తే నాకెంతొస్తాదో నాకు తెలుసు.
ఈడు సాయంత్రానికి నలభైసార్లు ఎగురుతాడు.
లెక్క కట్టండి, ఎగురుడొక్కింటికెంత?"

చెరువుల లీజు సత్యంరాజుగారు గొంతు సవరించారు:
"రొయ్యకైతే కౌంటుంది.
ముప్పై కౌంటుకీ వంద కౌంటుకీ తేడా కాటా చెబుతాది.
ముప్పయ్యొకటి దాటిన మోకాలికి
ఏ కౌంటు వేస్తామండీ?"

"ఆయ్, ముప్పయ్యొకటికే ముసిలోడైతే
యాభయ్యిలో బుట్ట మోసే నన్నేమంటారు?"
చేపల మరిడమ్మ ఆయన కాళ్ల దగ్గరే బుట్ట దించింది.
నీచునీళ్లు ఆయన చెప్పుల కిందికి పోయాయి.

వెనకనుంచి ఎవడో కుర్రాడు:
"మనూరి నీళ్లు తాగి
అవతలి గట్టుకి కొడతాడా స్మాషులు?"
దీనికి మాత్రం అందరూ తలూపారు.
మనూరి నీళ్లు ఉప్పెక్కి ఎన్నేళ్లయిందో
ఎవరూ అనలేదు.

నాకు గుర్తున్నది ఒక్కటే రాత్రి.
ఇరవైమూడు, ఇరవైనాలుగు. కరెంటు పోయింది.
నాలుగు ట్రాక్టర్లు తెచ్చి లైట్లు వేశారు.
ఆ దుమ్ము వెలుగులోకి ఏసుపాదం లేచాడు,
దిగడం మర్చిపోయినట్టు పైనే ఉన్నాడు.
అడ్డుకట్టిన ఇద్దరూ లేచి, దిగి,
ఇంక ఏం చెయ్యాలో తెలీక చూస్తూ నిలబడ్డారు.
అప్పుడు కొట్టాడు.
పక్కనున్న పరాయివాణ్ణి కావలించుకుని ఏడ్చాను.
ఆ మాట మా ఇంట్లో కూడా చెప్పలేదు.

వశిష్ట నడిమధ్యలో, ఏ గట్టూ దగ్గర కానిచోట,
దలాలి వీరాస్వామి వచ్చి వాడి పక్కన కూర్చున్నాడు.
ఎడ్ల సంతలో లాగే
రెండు చేతుల మీదా ఎర్ర తువ్వాలు కప్పాడు.
లోపల చూపుడువేలు పట్టాడో, నాలుగూ కలిపి పట్టాడో,
మడతల కింద ఏదో కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది.
పైకి మాత్రం
ఇద్దరూ కొట్టుకుపోతున్న గుర్రపుడెక్క చూస్తున్నారు.

పట్టుకుంటే ఫౌలయ్యే ఆట వాడిది.
ఆ చెయ్యి అంతసేపు ఇంకొకరి చేతిలో ఆగడం
నేనెప్పుడూ చూడలేదు.

తువ్వాలు తీసేసరికి అంకెలు పుట్టాయి.
ఇంజను దగ్గర రెండు లక్షలు,
మోటారు సైకిళ్ల దగ్గరికొచ్చేసరికి నాలుగు,
మేకలదాకా వెళ్లి ఎకరం కౌలుతో సహా ఆరు.
"అంతా? దేనికండీ అంత?"
"అంతేనా? మనోడికి అంతేనా?"
రెండు మాటలూ ఒక్క పెద్దిరాజే అన్నాడు.

టికెట్టుకి వాడి దగ్గరికి వెళ్లాను.
"నువ్వు చెప్పు బాబాయ్, నువ్వైతే ఎంతిస్తావ్?"
నవ్వుతూనే అడిగాడు.
నాకు బడి ప్రహరీగోడ గుర్తొచ్చింది.
తొమ్మిదేళ్లు దానిమీద కూర్చునే చూశాను,
గేటు దగ్గర పది రూపాయలు కట్టకుండా.
ఒక్కో తప్పు సర్వీసుకి
వాడి అమ్మని కూడా తిట్టాను అక్కణ్ణించే.

ఏమీ చెప్పలేదు.
రేకు మీద ఉన్నంతే తీసుకుని టికెట్ చింపాను.
యాభై నోటుకి చిల్లర లేదు.
"ఉంచు, తిరిగొచ్చేప్పుడు చూద్దాం" అన్నాడు.

తిరిగొచ్చేప్పుడన్నాడో, తిరిగొస్తే అన్నాడో,
రేవు దగ్గరపడి ఇంజను గట్టిగా దగ్గింది,
సరిగ్గా వినపడలేదు.