బొమ్మ చేతిసంచి

వాల్డోస్టా ఊరి చివర రేకుల షెడ్డులో
ముప్పై ఏళ్లుగా కళ్లు దిద్దడమే నా పని.
ముందు తెల్లగుడ్డు, తర్వాత రంగు చుక్క,
చివరికి ఒంటి వెంట్రుక కుంచెతో
చూపు.

ఇన్నాళ్లూ ముందుగా ఖాళీ అయ్యేది నీలం డబ్బా.
ఈ ఏడే మొదటిసారి
గోధుమరంగు కోసం మనిషిని పరుగెత్తించాం.
ఓటు కోసం ఎండలో నిలబడ్డ నల్లజాతి ఆడవాళ్లు,
హోటలు బల్ల దగ్గర లేవమన్నా లేవనివాళ్లు,
పన్నెండంగుళాల ఎత్తు, తలా మూడు వందలు,
పాదం కింద అంకె,
ముందువైపు గాజులా మెరిసే ప్లాస్టిక్.

ఏడో బొమ్మ లూవీనియా టాస్కర్.
మిగతా ఆరుగురూ ఫోటోల్లోంచి వచ్చారు.
ఈవిడ తన కాళ్ల మీద తనే వచ్చింది,
తొంభై ఒకటో ఏట, మనవడి ట్రక్కు దిగి,
చేయి పట్టుకోబోతే విదిలించి.

నమూనా ఆవిడ ముందు పెట్టాను.
అరచేతులు గౌనుకి తుడుచుకున్నాను.

చాలాసేపు చూసింది.
"బట్టలు నావి కావు. మా అక్క ఐవోరీవి.
పొట్టిదాన్ని, అంచు మడిచి పిన్నులు పెట్టుకున్నా.
రాత్రంతా గుచ్చింది ఆ పిన్నులే, పోలీసులు కాదు."
తనే నవ్వింది.
"దీని నవ్వు మాత్రం చెరిపెయ్.
ఆ రోజు భయపడ్డాను.
ఆ మొహం పెట్టుకునే మెట్లెక్కాను."

స్పిరిట్ దూదితో పెదవి తుడిచేశాను.

అప్పుడు చేతిసంచి పట్టుకుంది,
వేలిగోరంత నల్లసంచి.
గీకింది, లాగింది, చెవి దగ్గర ఊపి చూసింది.
"ఇది తెరుచుకోదేం?"

అచ్చులో పోసిందండీ, లోపల డొల్ల.
తెరుచుకోవాలంటే ఒక్కోదానికి నలభై సెంట్లు ఎక్కువ,
కంపెనీ ఒప్పుకోదు.

"మరి నా టూత్‌బ్రష్షు?"

నాకు అర్థం కాలేదు.

"కోర్టుకి వెళ్లే ప్రతిసారీ సంచిలో వేసుకునేదాన్ని పిల్లా.
సాయంత్రానికి ఇంటికొస్తామని ఎవరు చెప్పారు?
జైల్లో ముద్ద పడేస్తారు, కంబళి విసురుతారు,
పళ్లు తోముకోడానికి ఏమీ ఇవ్వరు.
పాచి నోటితో
నా పేరు నేను చెప్పను."

కాసేపాగి అడిగింది: "పిల్లలు ఆడుకుంటారా దీంతో?"
లేదన్నాను, పప్పులో కాలేస్తున్నానని తెలియక.
సేకరించేవాళ్లు కొంటారు. సీలు తీస్తే ధర పడిపోతుంది.
అలాగే అద్దాల బీరువాలో ఉంచేస్తారు.

పెట్టె తిప్పి చూసింది.
మెడకో వైరు, నడుముకో వైరు, రెండు మణికట్లకీ.
"అయితే మళ్లీ లోపలేనన్నమాట.
ఈసారి ఎన్నాళ్లో కూడా చెప్పరు."
గొంతులో కోపం లేదు. సామాన్ల జాబితా సరిచూస్తున్నట్టుంది.
"అయితే కచ్చితంగా కావాలి."

ఆ వారమంతా రాత్రుళ్లు షెడ్డులోనే.
చీపురుపుల్ల ముక్కలు, పాత కుంచెల వెంట్రుకలు, పట్టకారు, జిగురు.
మూడు వందల సంచుల్నీ అడుగున బ్లేడుతో కోసి
ఒక్కోటీ దోపి, మళ్లీ అతికించాను.
నూట నలభయ్యో దాని దగ్గర బొటనవేలు తెగింది.
ఆ సంచిలో కాస్త ఎరుపు ఉంటుంది.
కంపెనీకి తెలీదు.
కొన్నవాళ్లకి ఎప్పటికీ తెలీదు.

నమూనా బొమ్మని మాత్రం
వైర్లన్నీ తీసేసి ఆవిడకి పోస్టు చేశాను.

పది రోజులకి కార్డు వచ్చింది,
వణుకుతూ, కానీ గీత దాటని అక్షరాలు:
"అందింది. కళ్లు బాగున్నాయి.
పేస్టు మర్చిపోయావు."