సున్నా వేసిన గడి

కొచబాంబాలో డిసెంబరంటే నాకు లెక్కల నెల.
ఆరోగ్య శాఖ రెండో అంతస్తులో, కుంటి బల్ల ముందు,
అచ్చయిన పరిశోధనలన్నీ, పాతవీ కొత్తవీ,
ఎత్తూ బరువూ చూడమని
బడిపిల్లల్లా వరసకట్టి నిలబడతాయి.

ఏ జర్నల్, దాని పలుకుబడి ఎంత,
దశాంశం తర్వాత మూడంకెలు తప్పనిసరి.
ఎవరు ఎవర్ని ఉదహరించారు, ఎన్నిసార్లు.
తమను తామే ఉదహరించుకున్న చోట
తీసివెయ్యాలి.
నిజం చెప్పొద్దూ, నాకు తీసివేతలంటే ఇష్టం.

ఈసారి పట్టిక నెత్తిన కూర్చున్న పేపరుకి
నాలుగొందల పన్నెండు.
తెరిచి చూద్దును కదా,
సగంమంది దాన్ని తలుచుకున్నది
"ఇది తప్పు" అని చెప్పడానికే.
యంత్రానికి తిట్టూ దీవెనా ఒకటే.
నేనూ నాలుగొందల పన్నెండే వేశాను.

అట్టడుగున, ఎప్పట్లాగే, డాక్టర్ ఫ్రొయిలాన్ ఉర్కిసో.
2009. మూడు పేజీలు, స్పానిష్‌లో,
ఆరు సంచికలకే మూతపడ్డ జిల్లా పత్రికలో.
మట్టిగోడ నెర్రెల్లో వించుకా పురుగు ఎంత లోతున దాక్కుంటుందో,
మట్టీ ఇసుకా పేడా నాగజెముడు జిగురూ
ఏ పాళ్లలో కలిపి పూస్తే
ఆ నెర్రె మళ్లీ నోరు తెరవదో,
అంతే, అందులో ఉన్నది.
రిటైరయ్యాక సూక్రేలో ఉంటున్నాడు. ఏటా ఫోను చేస్తాడు.
"ఎవరైనా?"
"లేదు డాక్టర్. సున్నా."
"ఊఁ. వానలు మొదలయ్యాయా అక్కడ?"

పోయిన ఫిబ్రవరిలో, వేరే పనిమీద వెళుతుంటే,
ఐకిలే దారిలో కొండచరియ జారి బస్సు ఆగిపోయింది.
ఆ రాత్రి నన్ను పడుకోబెట్టుకున్నది నికనోరా చోకె,
తాపీ మేస్త్రి, అరచేతులు గరుకు కాగితాలు.
పడుకునే ముందు గోడ తడమడం నాకు చిన్ననాటి భయం.
తడిమాను. కడిగి బోర్లించిన పళ్లెంలా ఉంది.
"ఏం కలిపారు?"
చెప్పింది, తట్టల లెక్కన.
మూడు పేజీల్లో రెండో పేజీ అది, ఒక్క తట్ట తేడా లేకుండా.

"ఎవరు నేర్పారు?"
"నర్సమ్మ."
"ఆవిడకి?"
"వాళ్ల మేనమామట, టొటొరాలో మేస్త్రి."
"ఆయనకి?"
నవ్వింది. "ఏటికి పుట్టిల్లు అడుగుతారా ఎవరైనా?"

అరవయ్యొక్క ఇళ్లు పూసిందట ఇప్పటికి.
బస్సు టికెట్టు వెనక రాసుకున్నాను 61 అని,
దొంగిలించిన దానిలా మడిచి దాచుకున్నాను.
ఎప్పట్నించి, అని ఊరికే అడిగాను.
"2016."

పొద్దున్నే ఆమె కొడుకు అసెన్సియో నీళ్లు తెచ్చాడు.
పంతొమ్మిదేళ్లు. మూడు మెట్లు.
రెండో మెట్టు మీద బిందె దించి
ఊపిరి కోసం ఆగాడు.
వాడి తొమ్మిదో ఏట ఒక ఉదయం
ఒక కన్ను వాచి మూసుకుపోయి లేచాడట.
పూత వచ్చింది పదకొండో ఏట.
ఎక్స్‌రేలో గుండె పెరిగింది చూడండని
కిటికీ వెలుగుకి పట్టి చూపించింది నికనోరా,
పిల్లాడి మార్కుల కాగితం చూపించినట్టే.

ఆ కాగితం ఆ గోడదాకా నడవడానికి ఏడేళ్లు పట్టింది.
ఎవరు మోశారో, ఎక్కడ ఆగారో, ఏ సంతలో మరిచిపోయారో.

మళ్లీ డిసెంబరు. మళ్లీ ఫోను.
"ఎవరైనా?"
"అరవయ్యొకటి, డాక్టర్. ఇళ్లు."
ఆయన గొంతులో కుర్చీ కిర్రుమంది, లేచి నిలబడ్డాడనుకుంటా.
ఎక్కడ అన్నాడు. ఎవరు అన్నాడు. నవ్వాడు కూడా.
ఆ తర్వాత, పరిశోధకుడు కదా,
"ఎప్పుడు మొదలు?"

చెప్పాను.
అసెన్సియో గురించి చెప్పలేదు.
కానీ తీసివేతలో ఆయన నాకంటే చురుకు.
చాలాసేపు లైను మీద ఏమీ లేదు.
ఈసారి వానల సంగతి అడగలేదు.

ఫోను పెట్టేసి, ఆయన పేరుకెదురు గడిలో
సున్నా వేశాను.
ఆ గడి అడిగేదానికి అదే సరైన జవాబు.
బయట వాన మొదలైంది.