ఆరు – నాలుగు – మూడు

కాన్సాస్‌లో గోధుమ పొలాల నడుమ
రెండు భవనాలు, ఒక గంట, నూట తొంభై మంది విద్యార్థులు.
అదే మా గ్రూన్‌ఫెల్డ్ కాలేజీ.
దాని బేస్‌బాల్ చరిత్ర మొత్తం
నా మంచం కింద రెండు అట్టపెట్టెల్లో ఉంది.
నలభై నాలుగేళ్లు స్కోరు రాసింది నేను,
అంతకు ముందు మా మేనత్త టెక్లా.
ఆమెవి ముత్యాల్లాంటి అంకెలు. నావి కోడి కెలికినట్టుంటాయి.

మొదట పెద్దలు వద్దన్నారట.
కర్రతో బంతిని బాదడం లోకం పోకడట.
ఆదివారం ఆడబోమని మాటిచ్చాక ఊరుకున్నారు.
చొక్కాలు పిండి సంచులతో కుట్టారు.
ఒకడి వీపు మీద 'నలభై ఎనిమిది పౌన్లు' అన్న అచ్చు
ఎంత ఉతికినా పోలేదట,
అవతలి జట్టు అతన్ని బరువుతోనే పిలిచిందట.
తొమ్మిదో మనిషి దొరక్క
పాస్టర్ గారి చిన్నకొడుకును కుడివైపు చివర నిలబెట్టారు,
ఆటలో అరటిపండు.
బంతి సరిగ్గా అటే వచ్చింది.
పట్టాడు. పట్టాక ఏం చెయ్యాలో తెలియక
ఇంటికి పరుగెత్తాడు,
నిజం ఇంటికి, వాళ్లమ్మ దగ్గరికి.

ఓటమి మా ఇంటి మనిషి. గెలుపు చుట్టపుచూపుగా వచ్చేది.
ఎడమవైపు గోడ లేదు, యుంగ్‌మాన్ గోధుమ చేనే హద్దు.
జూలైలో కోతలయ్యాక ఆయన ఒక బకెట్
డీన్ గది ముందు పెట్టి వెళ్లేవాడు:
పదిహేడు బంతులు, ఒకటి ఎలుక కొరికింది,
పైన తొక్కిన పైరుకు బిల్లు.

నలభై మూడు, నలభై నాలుగు, నలభై అయిదు:
ఖాళీ పేజీలు. అత్త వాటిని చింపలేదు,
సంవత్సరం మాత్రం వేసి పెట్టింది.
మా వాళ్లు తుపాకీ పట్టరు.
సెకండ్ బేస్ యోస్ట్ గోర్ట్‌జెన్
యుద్ధానికి బదులు పిచ్చాసుపత్రిలో నేల తుడవడానికి వెళ్లాడు.
షార్ట్‌స్టాప్ డెల్బర్ట్ ష్రాగ్
ఇంట్లో చెప్పకుండా సైన్యంలో చేరాడు.
చర్చి డెల్బర్ట్ పేరు కొట్టేసింది.
పక్క ఊరివాళ్లు యోస్ట్ ఇంటి తలుపుకు పసుపు పూశారు;
మా దగ్గర అది పిరికితనపు రంగు.

నలభై ఆరులో ఇద్దరూ తిరిగొచ్చారు,
పాత చోట్లలోనే నిలబడ్డారు.
ఒక్క మాట లేదు.
బస్సులో ఒకడు ముందు సీటు, ఒకడు చివర.
పైకి లేచిన బంతికి 'నాది' అని కూడా అరవక
రెండింటిని నేలపాలు చేశారు. అవీ రాసి ఉన్నాయి.

స్కోరు పుస్తకంలో షార్ట్‌స్టాప్ ఆరు,
సెకండ్ బేస్ నాలుగు, ఫస్ట్ బేస్ మూడు.
నేలబారున దూసుకొచ్చిన బంతిని
డెల్బర్ట్ అందుకుని చూడకుండా విసిరితే
అక్కడ యోస్ట్ చెయ్యి ముందే ఉండేది.
అక్కణ్ణుంచి ఫస్ట్ బేస్‌కు.
ఆరు, నాలుగు, మూడు.
ఒక్క బంతికి ఇద్దరు అవుట్.
ఆ ఏడు అత్త పెన్సిల్ దాన్ని ముప్పై ఒక్కసార్లు రాసింది.
చచ్చేదాకా వాళ్లు మాట్లాడుకోలేదని ఊరంతా అంటుంది.
నా దగ్గర ముప్పై ఒక్క మాటలున్నాయి.

తర్వాతి సంగతులు తొందరగా చెప్పేస్తాను.
డెబ్బై ఎనిమిదిలో ఒక కప్పు వచ్చింది,
ఇప్పుడది లైబ్రరీ తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టారు.
వడగళ్లు ఒకసారి స్కోరుబోర్డును తినేశాయి.
రెండువేల పన్నెండులో ట్రస్టీలు కూర్చున్నారు.
మూసేద్దామని ఆరుగురు, వద్దని నలుగురు.
అలవాటుకొద్దీ నేను మూడు కోసం చూశాను.

మైదానం యుంగ్‌మాన్ మనవడికి కౌలుకిచ్చారు.
అంతా గోధుమే.
కాని కాళ్లు తొక్కి తొక్కి గట్టిపడ్డ దారుల్లో
పైరు పొట్టిగా వస్తుంది.
మే నెలలో గంట గోపురం ఎక్కితే కనిపిస్తుందట.
నాకు ఎనభై ఒకటి, ఎక్కలేను.
యోస్ట్ మనవరాలు ఎక్కి పైనుంచి కేకేస్తుంది:
'ఉంది! సెకండ్ బేస్ దగ్గర కొంచెం చెరిగింది!'
కింద నేను పెన్సిల్ తడి చేసుకుని
రాసుకుంటాను.