నిప్పుల పద్దు

ఈ పుస్తకం కాలలేదు, చెదలు తిన్నాయి.
నిప్పుల పద్దుకి చెదలేంట్రా అని
మస్తాన్ వలీ గారుంటే పగలబడి నవ్వేవాడు.

మొదటి పేజీ. అరవై ఎనిమిది, ఏప్రిల్, మిట్టమధ్యాహ్నం.
గాలి: పడమర.
తాటాకిళ్ళు నలభై మూడు, వాములు పదకొండు,
చూడిగేదె ఒకటి.
బావుల్లో చేద అడుగు తగిలే నెల.
గుంటూరు నుంచి ఫైరింజను వచ్చేసరికి
బూడిదలో కోళ్ళు గింజలేరుకుంటున్నాయి.
డ్రైవరు రెండు గ్లాసుల మజ్జిగ తాగి
ప్రత్తిపాడు రోడ్డు మీద మా ఊరికి బోర్డన్నా లేదని
మా మీదే కేకలేసి వెళ్ళాడు.

వారం తిరక్కుండా దర్జీ మస్తాన్ వలీ
పదమూడు మందిని పోగేశాడు.
గ్యాంగుమన్ మరియదాసు రైలుపట్టా ముక్క తెచ్చాడు,
ఎక్కడిదని ఎవరూ అడగలేదు.
కమ్మరి వీరాచారి కప్పులు లాగే కొక్కేలు కొట్టాడు,
కూలి కింద రెండు చొక్కాలు కుట్టించుకున్నాడు,
ఇస్త్రీ లేకుండా.
ఆ ఏడు నుంచి మస్తాన్ గారు ఇస్త్రీ మానేశాడు,
గిట్టదయ్యా, బొగ్గులు పిరం అనేవాడు.

వామి అంటుకుంటే మూడు దెబ్బలు,
ఇల్లయితే చెయ్యి పడిపోయేదాకా.
తడిపిన గోతాం లేకుండా రావద్దు.
నాలుగో రూలు ఎర్ర సిరాతో ఉంది:
బావి ఎవరిదని అడిగినవాడు మెంబరు కాడు.
ఆ రూలుకి ఇద్దరు అప్పుడే లేచిపోయారు.
డెబ్బై నాలుగులో వాళ్ళ పొగాకు బ్యారను అంటుకున్న రాత్రి
ఏసోబు భుజం మీద కావడితో ముందు చేరాడు.
పద్దులో ఒకటే ముక్క: "ఆరింది. ఇద్దరూ మళ్ళీ చేరారు."

నాగరత్తమ్మ పేరు ముందు 'గౌరవ' అని రాసి
కొట్టేసి ఉంటుంది.
ఆమె బిందెల వరస నిలబెట్టిందంటే
బావి నుంచి మంట దాకా ఒక్క చుక్క తొణికేది కాదు,
నోరు మాత్రం ఆగేది కాదు.

మిరపకళ్ళం తగలబడ్డప్పుడు మంట కనపడదు.
ఊరు ఊరంతా దగ్గు.
చంటిపిల్లల్ని బండ్లెక్కించి పక్కూరికి తోలాం.
మూడు రోజులు తడిగుడ్డల చాటున
ఒకళ్ళనొకళ్ళం కళ్ళతోనే గుర్తుపట్టాం.

తర్వాత పత్తి ఏళ్ళు.
వీపున కట్టుకునే మందు పంపులే మా ఫైరింజన్లు,
కడిగి నీళ్ళు నింపితే దూరాన్నుంచే కొట్టొచ్చు.
ఆ ఏళ్ళలో మంటలు తక్కువ, మందే ఎక్కువ.
ఏసోబు రెండో కొడుకు సంగతి ఈ పుస్తకంలో లేదు.
దానికి పట్టా మోగలేదు.

పేజీ చివర 'కారణం' అని ఒక గడి.
పొయ్యి. చుట్ట. కుళ్ళు. కరెంటు. తారాజువ్వ.
కుళ్ళు అని నాలుగు చోట్ల ఉంది, పేర్లు లేవు.
మొదటి పేజీలో ఆ గడి ఖాళీ.
కాజాలు కుట్టే కుర్రాడిగా నేను చేరిన రోజే అడిగాను.
దారం తెగిందనుకుంటా,
వంగి చాలాసేపు సూదిలోకి ఎక్కిస్తూ ఉండిపోయాడు.

పోయేముందు మంచం కింద నుంచి
బొగ్గుల ఇస్త్రీపెట్టె తీయించి నా చేతికిచ్చాడు.
నలభై ఏళ్ళ తుప్పు, మూత తెరుచుకోదు.
"దులిపేటప్పుడు గాలి చూసుకో" అన్నాడు.
అంతే.
ఇంటికి వెళ్ళాక, రాత్రి భోజనం మధ్యలో
నాకు అన్నం చెయ్యి ఆగిపోయింది.

పెన్ను చాలాసార్లు తీశాను.
నలభై మూడిళ్ళు ఒక పక్క,
ఆయన ఆర్పినవి రెండొందల పదహారు ఇంకో పక్క.
కూడిక కాదు, తీసివేతా కాదు.
మూత పెట్టేశాను.

ఇప్పుడన్నీ డాబాలే.
పోయిన నెల చార్జింగు పెట్టిన స్కూటరు అంటుకుంది.
నీళ్ళు పొయ్యొద్దన్నాడు ఫోను చూసి ఒక కుర్రాడు.
ఇసక పోశాం. ఆరుగురం, అందులో నలుగురికి మోకాళ్ళ నెప్పులు.
రాశాను: బ్యాటరీ. గాలి: లేదు.

నా కొట్లో కరెంటు ఇస్త్రీయే, నిప్పుకణిక ఉండదు.
అయినా పొద్దున తలుపు తీయగానే
వేలు తడిపి పైకెత్తుతాను.
ఎదురింటి పిల్ల ఏంటి తాతా అంటుంది,
చల్లగా తగిలిన వైపు చూపించి
పడమర, అంటాను.